గడ్డ పోయింది, ముడి మిగిలింది



ఈ ఉపన్యాసం ఎవరి స్మృతిలో జరుగుతోందో ఈ హాల్లో ఉన్న ప్రతి ఒక్కరికీ తెలుసు. మీలో చాలామంది ఆమె దగ్గర గుణింతాలు దిద్దినవాళ్లే. అయినా అచ్చయ్యే ప్రతిలో ఆమె పేరు వెయ్యవద్దని ఆమె పిల్లలు నన్ను కోరారు. ఎందుకని అడిగాను. "అమ్మ పక్కన కూర్చుని ఏడ్చినవాళ్లు కొందరు తమ జబ్బు సంగతి ఇప్పటికీ బయటపెట్టలేదు. అమ్మ పేరు చూస్తే వాళ్లెవరో పోల్చుకునేవాళ్లు ఉంటారు" అన్నారు. ఈ రోజు నేను మాట్లాడవలసిన విషయం ఆ జవాబులోనే ఉంది. అందుకని ఆమెను నేను కూడా మీలాగే టీచరుగారు అనే అంటాను.

నేను ఈ ఢిల్లీ నగరంలో ముప్ఫయ్యేళ్లకు పైగా క్యాన్సర్ వార్డుల్లో సోషల్ వర్కరుగా పనిచేశాను. కత్తి పట్టేవాళ్లు వేరు, మందు రాసేవాళ్లు వేరు. వాళ్లిద్దరూ లేచి వెళ్లాక మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చునే పని నాది. టీచరుగారు మొదట ఆ మంచం మీద మనిషిగానే నాకు తెలుసు. యాభై రెండో ఏట ఆమె రొమ్ములో గడ్డ కనబడింది. చిన్నది, రెండు సెంటీమీటర్లు లేదు. తొందరగా దొరికింది. ఆపరేషన్ అయింది, కీమో అయింది, కరెంటు (రేడియేషన్) పెట్టారు. బడిలో గర్భసంచి ఆపరేషన్ అని చెప్పారు. జుట్టు రాలిపోతే తిరుపతి మొక్కు అన్నారు. గుండు చూసి ఇరుగుపొరుగు ప్రసాదం అడిగితే గోల్ మార్కెట్ దగ్గరి వేంకటేశ్వరస్వామి గుడి నుంచి లడ్డూ తెప్పించి పంచారు. ఈ సంగతి భర్తకూ చెల్లెలికీ తప్ప మూడేళ్లపాటు ఎవరికీ తెలియదు.

ప్రతి పరీక్షలోనూ డాక్టర్లు "అంతా బాగుంది" అని రాసేవారు. అయినా రాత్రి రెండు గంటలకు ఆమె వంటింట్లో లైటు వేసుకుని కూర్చునేవారు. ఒక రోజు ఆసుపత్రి వరండాలో నా పక్క కుర్చీలో కూర్చుని ఆమె అన్న మాట ఇది: "చూడండమ్మా, హిందీవాళ్లు గడ్డనీ, తాడుకు పడ్డ ముడినీ కూడా గాంఠ్ అనే అంటారు. నా గడ్డ డాక్టర్లు తీసేశారు. ముడి ఎవరు విప్పుతారు?"

ఆ ప్రశ్నే ఈ రోజు నా ఉపన్యాసం. నాకు తెలిసిన జవాబు కూడా ముందే చెప్పేస్తాను. ఆ ముడి ధైర్యంతో విడిపోదు. దాచకుండా చెప్పుకోవడానికి ఒక మనిషి దొరికితే విడిపోతుంది.

ముందు జబ్బు గురించి నాలుగు మాటలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం అంచనా ప్రకారం 2022లో మన దేశంలో 1,92,020 మందికి కొత్తగా రొమ్ము క్యాన్సర్ వచ్చింది. 98,337 మంది చనిపోయారు. ఎయిమ్స్‌లో నడిచే ఢిల్లీ క్యాన్సర్ రిజిస్ట్రీ లెక్కల్లోనూ ఆడవాళ్ల క్యాన్సర్లలో మొదటి స్థానం దీనిదే. పాశ్చాత్య దేశాలతో పోలిస్తే మన ఆడవాళ్లకు ఇది సుమారు పదేళ్ల ముందే వస్తోంది. అంటే పిల్లల చదువులూ పెళ్లిళ్లూ ఇంకా నెత్తిమీదున్న వయసులో.

తొలిదశ అంటే గడ్డ రొమ్ములోనే, మహా అయితే చంకలోని గ్రంథుల వరకే ఉన్న దశ. శరీరంలో దూరానికి పాకలేదన్నమాట. దేశంలోని 11 రిజిస్ట్రీల పరిధిలో జరిగిన అధ్యయనంలో, జబ్బు రొమ్ము దాటకముందే దొరికిన వాళ్లలో నూటికి 81 మంది ఐదేళ్ల తర్వాత కూడా బతికి ఉన్నారని తేలింది. జబ్బు దూరానికి పాకాక దొరికితే నూటికి 18 మందే. ఆపరేషనూ మారింది. 19వ శతాబ్దం చివర అమెరికాలో హాల్‌స్టెడ్ మొదలుపెట్టిన పద్ధతిలో రొమ్ముతోపాటు ఛాతీ కండరాలూ తీసేసేవారు. ఇటలీలో వెరొనేసీ, అమెరికాలో ఫిషర్ ఇరవయ్యేళ్లు గమనించి 2002లో ప్రచురించిన ఫలితాలు వేరే దారి చూపాయి. తొలిదశలో గడ్డ వరకే తీసి రేడియేషన్ ఇచ్చినా, రొమ్ము మొత్తం తీసేసినా, బతికే అవకాశం ఒకటేనని తేల్చాయి. ఒకప్పుడు ఐదు వారాలు పెట్టే కరెంటు ఇప్పుడు చాలామందికి మూడు వారాల్లో అయిపోతోంది. 2020లో బ్రిటన్ నుంచి వచ్చిన పరీక్షా ఫలితాల తర్వాత కొందరికి ఒక్క వారంలోనే ముగుస్తోంది. ఊరు విడిచి వచ్చి అద్దెగదిలో ఉండే మనిషికి ఆ నాలుగు వారాల తేడా ఎంతో ఊహించండి. కూలి పోదు, అద్దె తగ్గుతుంది, ఇంటి దగ్గర చంటివాడు తల్లి మొహం మరిచిపోడు.

శరీరం సంగతి ఇంత బాగుపడింది. మనసు సంగతి అంత త్వరగా ఎవరూ అడగలేదు. 1978లో పీటర్ మగ్వైర్ అనే మానసిక వైద్యుడు బ్రిటన్‌లో రొమ్ము తీసేసిన 75 మంది స్త్రీలను ఏడాదిపాటు గమనించారు. మామూలు గడ్డ అని తేలిన 50 మందిని వాళ్ల పక్కన పెట్టి చూశారు. ఏడాది గడిచేసరికి మొదటి గుంపులో నలుగురిలో ఒకరికి దిగులుకో ఆందోళనకో వైద్యం అవసరమైంది. రెండో గుంపులో పదిమందిలో ఒకరికి. మొదటి గుంపులో ముగ్గురిలో ఒకరికి దాంపత్య జీవితంలో ఇబ్బందులు వచ్చాయి. ఈ బాధల్లో ఎక్కువ భాగం వైద్యం చేస్తున్నవాళ్ల దృష్టికే రాలేదు. ఆడవాళ్లు చెప్పలేదు, డాక్టర్లు అడగలేదు.

దాదాపు మూడు దశాబ్దాల తర్వాత, 2005లో, లండన్‌లో తొలిదశ రొమ్ము క్యాన్సర్ వచ్చిన 222 మందిని ఐదేళ్లు వెన్నంటి చూసిన అధ్యయనం వచ్చింది. మొదటి ఏడాది దాదాపు సగం మందికి దిగులు, ఆందోళన, లేదా రెండూ ఉన్నాయి. రెండు, మూడు, నాలుగో సంవత్సరాల్లో నాలుగో వంతు మందికి. ఐదో ఏట నూటికి పదిహేను మందికి. మనవాళ్లు "ఆపరేషన్ అయిపోయిందిగా, ఇంకేమిటి దిగులు" అంటారు కదా, ఆ ప్రశ్నకు ఈ అంకెలే జవాబు. మొదటి ఏడాదిలో మనసు కుంగడం ఆ మనిషి బలహీనత కాదు. పచ్చిపుండు నొప్పి పుట్టినంత సహజం.

ఆ అధ్యయనంలో నన్ను ఆపేసిన విషయం ఇంకొకటుంది. దీర్ఘకాలం దిగులు ఎవరిని వదల్లేదు? గడ్డ పెద్దదైనవాళ్లనా, రొమ్ము మొత్తం తీసేసినవాళ్లనా? కాదు. చిన్న వయసువాళ్లను, అంతకుముందు మానసిక వైద్యం అవసరమైనవాళ్లను, జబ్బుతో సంబంధం లేని పెద్ద కష్టాలు మీదపడ్డవాళ్లను, మనసు విప్పి చెప్పుకోవడానికి దగ్గరి మనిషి లేనివాళ్లను. జబ్బు తీవ్రతను తేల్చే కొలతలతో ఈ దిగులుకు లంకె కుదరలేదు. టీచరుగారు వరండాలో చెప్పింది కూడా ఇదే.

ఇక ధైర్యం సంగతి. మంచం దగ్గరికి వచ్చిన ప్రతి చుట్టం నోటా మొదట వచ్చే మాట "ధైర్యంగా ఉండు". ప్రేమతోనే అంటారు. ఆ మాటకు శాస్త్రం దన్ను కూడా ఒకప్పుడు ఉండేది. లండన్‌లో స్టీవెన్ గ్రీర్, ఆయన సహచరులు 1979లో 69 మంది స్త్రీల మీద చేసిన అధ్యయనంలో పోరాట స్ఫూర్తి ఉన్నవాళ్లూ, జబ్బు లేనట్టే ఉన్నవాళ్లూ ఎక్కువకాలం జబ్బు తిరగబెట్టకుండా ఉన్నట్టు కనిపించింది. అది ప్రపంచమంతా పాకింది. 1999లో 578 మందితో మళ్లీ చూస్తే పోరాట స్ఫూర్తి ఆయుష్షును పెంచిన దాఖలా దొరకలేదు. మరీ నిస్సహాయంగా, ఆశ వదులుకుని ఉన్నవాళ్లకు మాత్రం కొంత చెరుపు కనబడింది. ఈ రెండు ముక్కలూ కలిపి చదవాలి. నవ్వుతూ ఉండలేకపోయిన మనిషి తన చావును తానే తెచ్చుకోవడం లేదు. నిస్పృహలో కూరుకుపోయిన మనిషిని అలా వదిలెయ్యకూడదు కూడా.

"ధైర్యంగా ఉండు" అన్న మాట రోగి చెవిలో ఎలా వినబడుతుందో టీచరుగారే నాకు చెప్పారు. "నా ముందు ఏడవకు అని వినబడుతుందమ్మా." అందుకే ఆమె మూడేళ్లు ఎవరి ముందూ ఏడవలేదు.

ఇప్పుడు మన ఇళ్లలోకి వద్దాం. ఈ జబ్బు సమాజంలో ఎక్కడెక్కడ తగులుతుందో వైద్య పుస్తకాల కన్నా మన పేరంటాలు బాగా చెబుతాయి. చంకలో గ్రంథులు తీసినవాళ్లలో కొందరికి చెయ్యి వాస్తుంది. వాచిన చేతికి గాజులు ఎక్కవు. ఒక చెయ్యి నిండుగా, ఒక చెయ్యి బోసిగా ముత్తయిదువ పేరంటానికి వెళ్తే అడగని మనిషి ఉండదు. అడుగుతారని ఆమె వెళ్లడం మానేస్తుంది. నోము పోతుంది, వాయనం పోతుంది, ఇరుగమ్మ పోతుంది. చంకలో ఒకటి రెండు కాపలా గ్రంథుల్ని మాత్రమే తీసి చూసే పద్ధతి వచ్చాక చెయ్యి వాపు చాలా తగ్గింది. క్రమం తప్పని వ్యాయామంతో అదుపులో ఉంటుంది. కానీ ఆ వ్యాయామం నేర్పే మనిషి కావాలి కదా.

ఇంట్లో పెళ్లికెదిగిన ఆడపిల్ల ఉంటే తల్లి జబ్బు మరింత లోతుకు వెళ్లిపోతుంది. "వంశంలో ఉందంటారు" అని భయం. రొమ్ము క్యాన్సర్లలో నూటికి ఐదు నుంచి పది వరకే వంశపారంపర్యంగా వచ్చేవి. ఆ కొద్దిమందికీ తల్లి దాచడం వల్ల మేలు జరగదు, ముందే పరీక్ష చేయించుకునే అవకాశం పోతుంది. తెలుగు సినిమా నటి హంసానందిని 2021 డిసెంబరులో తన జబ్బు గురించి బయటకు చెప్పినప్పుడు, తన తల్లి కూడా ఇదే జబ్బుతో పోయారని, పరీక్షలో తనకూ ఆ జన్యు మార్పు ఉందని రాశారు. గుండుతో ఉన్న ఫొటో పెట్టారు. ఆమెకు ఎన్నో ఏళ్ల ముందు, ముప్ఫై అయిదేళ్ల వయసులో నటి తాడిమళ్ల గౌతమి ఈ జబ్బును దాటి, నలుగురిలో మాట్లాడి, లైఫ్ అగైన్ ఫౌండేషన్ పెట్టారు. హైదరాబాదులో డాక్టర్ రఘురామ్ ఈ జబ్బును ఎదుర్కొన్న తల్లి పేరుతో 2007లో ఉషాలక్ష్మి ఫౌండేషన్ స్థాపించారు. కన్నతల్లి పేరే సంస్థ పేరయింది. మన ఇళ్లలో గొంతు తగ్గించి చెప్పుకునే మాటను వీళ్లు మామూలు గొంతుతో చెప్పారు. అదే వాళ్లు చేసిన పెద్ద పని.

ఢిల్లీలో మనకు ఇంకో చిక్కు ఉంది. భాష. కొడుకు నోయిడాలో ఉద్యోగం చేస్తున్నాడని, మనవణ్ని చూసుకోవడానికి కోస్తా పల్లె నుంచి వచ్చి ఉండిపోయిన తల్లులు మనలో ఎంతమంది! కూరలవాడితో బేరమాడేంత హిందీ వస్తుంది. బాధ చెప్పుకునేంత హిందీ రాదు. ఒకసారి నా కళ్లముందే జరిగింది. డాక్టరు మంచివారు, ఓపికగా అడిగారు. నిద్ర పడుతోందా, ఏడుపు వస్తోందా, ఇంటాయనతో ఎలా ఉంది అని. కొడుకు తల్లి వైపు తిరిగి, "అమ్మా, బాగానే ఉన్నావుగా?" అన్నాడు. ఆమె కొంగు సర్దుకుని, "బాగానే ఉన్నాను నాన్నా" అంది. కొడుకు డాక్టరుతో, "ఠీక్ హై" అన్నాడు. మూడు ప్రశ్నలు రెండు మాటలయ్యాయి. అందులో ఎవరి తప్పూ లేదు. తల్లి ఆ మాటలు కొడుకు నోటి మీదుగా ఎలా పంపుతుంది? కొడుకు ఆ ప్రశ్నలు తల్లిని ఎలా అడుగుతాడు?

మాటలు కూడా ఆమెను మోసం చేస్తాయి. ఇక్కడి వార్డుల్లో రేడియేషన్‌ను సికాయీ అంటారు. అంటే కాపడం. వేణ్ణీళ్ల కాపడం అనుకుని వెళ్లిన ఆమెను పెద్ద యంత్రం కింద ఒంటరిగా పడుకోబెట్టి తలుపు వేస్తే, ఆ భయం రిపోర్టులో ఎక్కడా ఎక్కదు.

ఈ ముడి విప్పడం నేర్చినవాళ్లు ముందే ఉన్నారు. 1952లో న్యూయార్కులో రొమ్ము తీయించుకున్న తెరీస్ లాసర్ తనలాంటి స్త్రీల మంచాల దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టింది. చేతి వ్యాయామానికి ఒక బంతి, తాడు వెంట తీసుకుపోయేది. చక్కగా తయారై ఎదురుగా నిలబడేది. అది చాలు, మిగతాది రోగికే అర్థమయ్యేది. 1969లో అమెరికన్ క్యాన్సర్ సొసైటీ ఆ పనిని తన పనిగా చేసుకుంది. మన ఢిల్లీలో హర్మాలా గుప్తా ఉన్నారు. 1986లో కెనడాలో చదువుకుంటుండగా ఆమెకు లింఫోమా వచ్చింది. నయమై తిరిగొచ్చాక, ఇక్కడ రోగుల పక్కన కూర్చునేవాళ్లు లేరని చూసి 1991లో ఇండియన్ క్యాన్సర్ సొసైటీ ఢిల్లీ శాఖతో కలిసి క్యాన్సర్ సహయోగ్ మొదలుపెట్టారు. జబ్బును దాటినవాళ్లే వార్డుల్లోకి వచ్చి కొత్తవాళ్లతో మాట్లాడటం దాని పద్ధతి. తర్వాత ఆమె స్థాపించిన క్యాన్‌సపోర్ట్ బృందాలు జబ్బు ముదిరినవాళ్ల ఇళ్లకే వెళ్తాయి.

మన తెలుగువాళ్లకు ఈ ఊళ్లో సంస్థలు కట్టిన చరిత్ర ఉంది. దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1948లో ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టారు. పింక్ లైన్‌లో ఒక మెట్రో స్టేషను ఆమె పేరు మోస్తోంది. బడి కట్టుకున్నాం. గుడి ఉంది. ఆంధ్రా భవన్‌లో మన భోజనం ఉంది. హరియాణాలోని ఝజ్జర్ జిల్లా బాఢ్సాలో జాతీయ క్యాన్సర్ సంస్థ నడుస్తోంది. అక్కడే 2021లో ఇన్ఫోసిస్ ఫౌండేషన్ కట్టించిన 806 పడకల విశ్రామ సదన్ ఉంది. పడక ఉంది, మందు ఉంది. ఆ పడక పక్కన కూర్చుని తెలుగులో "నిద్ర పడుతోందా అమ్మా?" అని అడిగే మనిషి కావాలి.

అందుకని ఈ సభలో మూడు కోరికలు కోరుతున్నాను.

మొదటిది ఆసుపత్రులను. మానసిక వైద్యురాలు జిమీ హాలండ్ కృషితో అమెరికాలో వచ్చిన ఒక చిన్న కొలత ఉంది. సున్నా నుంచి పది వరకు గీతలున్న థర్మామీటరు బొమ్మ చూపించి "ఈ వారం నీ మనసు ఎంత కష్టపడింది?" అని అడుగుతారు. నాలుగు, అంతకన్నా పైన చూపిస్తే మానసిక నిపుణుల దగ్గరికి పంపుతారు. దానికి యంత్రం అక్కర్లేదు, కాగితం చాలు. ఆ ప్రశ్న రోగి భాషలో, ఇంటివాళ్లను ఐదు నిమిషాలు బయట కూర్చోబెట్టి, ప్రతిసారీ అడగాలి. ఐదో ఏట కూడా అడగాలి.

రెండోది ఇంటివాళ్లను. "ధైర్యంగా ఉండు" అనకండి. "భయంగా ఉందా?" అని అడగండి. అడిగి ఊరుకోండి. భర్తలకు ఒక మాట. మొదటి డ్రెస్సింగ్ విప్పినప్పుడు ఆ గదిలో ఉండండి. మీరు చూశారన్న సంగతి ఆమెకు తెలిస్తే, అద్దం ముందు నిలబడటానికి ఆమెకు అంతకాలం పట్టదు. ఐదేళ్లో పదేళ్లో హార్మోను మాత్ర వేసుకుంటే ఒళ్లంతా ఆవిర్లు వస్తాయి, చిరాకు వస్తుంది. దాన్ని గుణం మారిందనుకోకండి. అర్ధరాత్రి ఎవరూ లేకపోతే 14416కు ఫోన్ చెయ్యవచ్చు. 2022లో ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ అది. అక్కడ తెలుగులో మాట్లాడవచ్చు.

మూడోది మనల్ని. ఈ హాల్లో ఉన్న స్త్రీలలో పదిమంది నెలకు రెండు పూటలు ఇవ్వగలిగితే చాలు. జబ్బును దాటినవాళ్లయితే మరీ మంచిది. కొత్తగా జబ్బు బయటపడ్డ తెలుగు మనిషి వెంట మొదటిసారి ఆసుపత్రికి వెళ్లాలి. కొడుకు కాగితాలు చూసుకుంటాడు, మీరు ఆమె మాట డాక్టరుకు చేర్చండి. వాపు రాకుండా చెయ్యి ఎలా ఎత్తాలో నేర్పండి. విన్నది ఇంటికి మోసుకురాకండి. రహస్యం దాచగలిగిన మనిషి ఎదుటే ఎవరైనా రహస్యం విప్పగలరు.

ఇది కొత్త సంగతి కాదు. టీచరుగారు ఇదే చేశారు. ఆ రోజు వరండాలో మాట్లాడిన తర్వాత వారం మళ్లీ వచ్చారు, పరీక్ష లేకపోయినా. ఆ తర్వాత ప్రతి బుధవారం వచ్చారు. చేసంచిలో ఒక రబ్బరు బంతి, దూది కూరి తాను కుట్టిన జాకెట్టు ఒకటి, మంచినీళ్ల సీసా. తెలుగు మాట వినబడిన కుర్చీ దగ్గర ఆగేవారు. సలహాలు చెప్పేవారు కాదు. ఆ జాకెట్టు చూపించి "నాదీ ఇంతే" అనేవారు. పద్దెనిమిదేళ్లు అలా గడిచాయి. చివరికి ఆమెను తీసుకుపోయింది గుండె జబ్బు. క్యాన్సర్ మళ్లీ ఆమె వైపు చూడలేదు.

ఆమె పోయిన రోజు ఇంటి ముందు షామియానా కింద ఒక వరసలో పన్నెండుమంది ఆడవాళ్లు కూర్చున్నారు. వాళ్లెవరూ ఒకరికొకరు తెలియదు. బంధువులు ఎవరూ వాళ్లను గుర్తుపట్టలేదు. పక్కింటామె దగ్గరికి వెళ్లి, "మీరెవరమ్మా, టీచరుగారికి ఏమవుతారు?" అని అడిగింది. వాళ్లలో పెద్దావిడ ఒక క్షణం ఆలోచించి, "ఆవిడ దగ్గర చదువుకున్నాం" అంది. పన్నెండుమందీ తలలూపారు.

ఆ మాటలో దాపరికం ఉంది. అబద్ధం మాత్రం లేదు. ఆ చదువును ఇక మనం కొనసాగిద్దాం.